ప్రాక్టీసు మానకుండా పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్: పశువైద్యులు స్వయంగా చదువుకుని సాధించే పద్ధతి

పట్టా పుచ్చుకుని నాలుగైదేళ్లు ప్రాక్టీసు చేసిన పశువైద్యులకు ఒక దశలో ఒక సందేహం మొదలవుతుంది. కేసులు వస్తూనే ఉంటాయి, చాలావరకు నయమవుతూనే ఉంటాయి, అయినా ఫలానా మందు ఫలానా మోతాదులో ఎందుకు రాశారని ఎవరైనా నిలదీస్తే ‘ఎప్పుడూ ఇదే రాస్తున్నాను’ అన్నదానికి మించి జవాబు తోచదు. ఆ జవాబు కోసం మళ్లీ చదువుకోవాలి. ఉద్యోగం వదిలి ఏళ్లతరబడి రెసిడెన్సీలో (నిపుణుల దగ్గర పూర్తికాలపు శిక్షణలో) ఉండే వీలు అందరికీ ఉండదు కాబట్టి, పని చేస్తూనే, తమ వీలును బట్టి, తమ దగ్గరికి వచ్చే కేసుల మీదే చదివి అర్హత సంపాదించుకునే దారి ఒకటి కొన్ని దేశాల్లో ఏర్పడింది.

ఆ దారిని వివరించడానికి బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ ప్రదానం చేసే ‘సర్టిఫికెట్ ఇన్ అడ్వాన్స్‌డ్ వెటర్నరీ ప్రాక్టీస్’ను ఇక్కడ నమూనాగా తీసుకుంటున్నాను. అమెరికాలో 1978లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ వెటర్నరీ ప్రాక్టీషనర్స్ కూడా రెసిడెన్సీ చేయనివారికి, ప్రాక్టీసు అనుభవం మీద, కేస్ రిపోర్టుల మీద, పరీక్ష మీద అర్హత ఇస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పశువైద్య శాస్త్రజ్ఞుల కాలేజ్ సభ్యత్వ పరీక్షకు కూడా అభ్యర్థులు ఎక్కువగా సొంతంగానే చదువుకుంటారు. నియమాలు వేరైనా, చదివే పద్ధతి మూడింటికీ దాదాపు ఒకటే.

చట్రం

బ్రిటన్‌లో పశువైద్య వృత్తిని నియంత్రించేది ఈ రాయల్ కాలేజ్. 1844లో రాజశాసనంతో ఏర్పడిన ఈ సంస్థ ఇప్పుడు 1966 నాటి వెటర్నరీ సర్జన్స్ చట్టం ప్రకారం పశువైద్యుల రిజిస్టరును నిర్వహిస్తుంది. పేరులో కాలేజ్ ఉన్నా అక్కడ పాఠాలు చెప్పరు. సర్టిఫికెట్ ఎలా ఉండాలో అది నిర్ణయిస్తుంది, చివర్లో ప్రదానం చేస్తుంది. మధ్యలో అభ్యర్థుల రాతలను, పరీక్షలను దిద్దే పని గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాలది. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం, లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజ్ అలాంటివే. రెండు పేర్లలోనూ ‘రాయల్’, ‘కాలేజ్’ ఉండడంతో కొత్తవారు తికమకపడతారు కనుక, మొదటిది నియంత్రణ సంస్థ, రెండోది చదువు చెప్పే కళాశాల అని గుర్తుపెట్టుకుంటే చాలు.

సర్టిఫికెట్‌కు మొత్తం 60 క్రెడిట్లు కావాలి; చదువు స్థాయి మాస్టర్స్ డిగ్రీతో సమానం. వృత్తి నైపుణ్యాలు, శాస్త్రీయ ఆధారాలను వెతికి తూచే పద్ధతి, క్లినికల్ పునాదులు మొదటి దశలో వస్తాయి. వాటి తర్వాత పది క్రెడిట్ల చొప్పున ఉండే క్లినికల్ మాడ్యూళ్లను అభ్యర్థి ఎంచుకోవాలి. వేర్వేరు రంగాల మాడ్యూళ్లు కలిపి తీసుకుంటే సాధారణ సర్టిఫికెట్ వస్తుంది. ఒకే రంగానికి నిర్దేశించిన మాడ్యూళ్లు పూర్తి చేసి, వాటన్నిటినీ కలిపి ప్రశ్నించే సమగ్ర పరీక్షలో కూడా నెగ్గితే, ఆ రంగం పేరు సర్టిఫికెట్ పక్కన చేరుతుంది. మొత్తం పూర్తి చేయడానికి పదేళ్ల వరకు గడువు ఉంటుంది. ఈ వెసులుబాటు చాలామందిని దెబ్బతీస్తుంది కూడా, ఎందుకంటే ఎప్పుడైనా చేయవచ్చన్న పని చివరికి ఎప్పుడూ కాదు. రుసుములు, గడువులు, మాడ్యూళ్ల పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి. నమోదుకు ముందు ఆ ఏటి నిబంధనల పత్రాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకసారి చదవండి. తోటివారు చెప్పే వివరాలు వారు చేరిన ఏడాదివి.

ఆరు వందల గంటలు

ఒక క్రెడిట్ అంటే పది గంటల శ్రమ అని లెక్క. చదవడం, వెతకడం, రాయడం, పరీక్ష అన్నీ అందులోవే. అంటే 60 క్రెడిట్లకు 600 గంటలు. వారానికి ఐదు గంటల చొప్పున ఏడాదికి నలభై వారాలు చదివితే 200 గంటలవుతాయి, మూడేళ్లలో పని పూర్తవుతుంది. మిగిలిన పన్నెండు వారాలను సెలవులకు, జ్వరాలకు, పశువులు ఈనే కాలానికి, సహోద్యోగి మానేసినప్పుడు పడే అదనపు డ్యూటీలకు ముందే వదిలేయాలి. యాభై రెండు వారాలూ చదువుతానని వేసుకున్న ప్రణాళిక రెండో నెలలోనే పట్టుతప్పుతుంది, ఆ తర్వాత దాన్ని చూడడానికే మనసొప్పదు.

ఆ ఐదు గంటలను ఎలా పంచుకోవాలన్నది మనిషిని బట్టి ఉంటుంది కానీ, ఒక సూచన మాత్రం గట్టిగా చేస్తాను. రాత పనికి కనీసం రెండు గంటలు ఒకే పట్టున దొరకాలి. కన్సల్టేషన్ల మధ్య దొరికే ఇరవై నిమిషాల్లో ఒక వ్యాసం సారాంశం చదవవచ్చు, కేసు వివరాలు నమోదు చేసుకోవచ్చు, కానీ వాదనను కూర్చడం కుదరదు. రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీ చేసిన మర్నాడు చదువు పెట్టుకోకండి. ఆ రోజు చదివినది పేజీల లెక్కకు వస్తుందే గాని బుర్రకెక్కదు.

ప్రాక్టీసు యాజమాన్యంతో ముందే మాట్లాడుకోవడం మంచిది. బ్రిటన్‌లో రిజిస్టర్డ్ పశువైద్యులు 2020 నుంచి ఏటా 35 గంటల వృత్తి శిక్షణ నమోదు చేయాలి, 2022 నుంచి నేర్చుకున్నదాని మీద తమ ఆలోచనను కూడా రాయాలి. సర్టిఫికెట్ చదువు ఈ రెండింటికీ సరిపోతుంది కాబట్టి, శిక్షణకు కేటాయించిన సమయాన్ని, డబ్బును దీనికి మళ్లించమని అడగడానికి న్యాయమైన ఆధారం ఉంది. అడిగేటప్పుడు ‘సాయం చేయండి’ అని ఊరుకోకుండా మూడు విషయాలు తేల్చుకుని రాతలో పెట్టుకోండి: ఏ వారాల్లో సెలవు ఇస్తారు, రుసుములో ఎంత భరిస్తారు, మధ్యలో మీరు ఉద్యోగం మారితే ఆ డబ్బు తిరిగి కట్టాలా. మూడోది అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది, తర్వాత పేచీ వచ్చేది మాత్రం అక్కడే.

మాడ్యూళ్లను కేసులే ఎంచాలి

నచ్చిన రంగాన్ని ఎంచుకోవడం సహజమే. కానీ నచ్చిన రంగంలో కేసులు రాకపోతే ఈ చదువు సాగదు. మాడ్యూళ్ల జాబితా తెరవకముందే, ప్రాక్టీసు సాఫ్ట్‌వేర్‌లోంచి గత పన్నెండు నెలల్లో మీరు స్వయంగా చూసిన కేసుల జాబితా తీయించండి. అందులో చర్మ వ్యాధులు ఎన్ని, కుంటు ఎన్ని, దీర్ఘకాలపు వాంతులు ఎన్ని, పళ్ల పని ఎంత అని లెక్కపెట్టండి. నరాల వ్యాధుల మీద ఎంత మోజు ఉన్నా ఏడాదికి మూడు కేసులే వచ్చి, ఆ మూడింటినీ ఎంఆర్ఐ కోసం రిఫర్ చేసేసి ఉంటే, మీరు రాయడానికి మిగిలేది రిఫరల్ ఉత్తరమే.

సంఖ్యతోపాటు మరో రెండు విషయాలు చూడాలి. ఆ కేసులను చివరిదాకా మీరే చూస్తున్నారా, లేక ప్రతిసారీ ఎవరు డ్యూటీలో ఉంటే వారు చూస్తున్నారా? పెద్ద ప్రాక్టీసుల్లో ఇదే అసలు చిక్కు. మొదట చూసినవారు ఒకరు, ఆపరేషన్ చేసినవారు ఇంకొకరు, కుట్లు విప్పినవారు మరొకరు అయితే అది మీ కేసు అనిపించుకోదు. రెండోది, ఆ రోగాన్ని నిర్ధారించే పరికరాలు మీకు అందుబాటులో ఉన్నాయా అన్నది. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో యంత్రం సొంతంగా లేకపోయినా గుండె జబ్బుల మాడ్యూలు చేయవచ్చు, కానీ లేకపోవడం వల్ల మీ నిర్ణయాలు ఎలా మారాయో రాయగలగాలి. ఆ సంగతి తర్వాత వస్తుంది.

కేస్ లాగ్: అదే రోజు, ఫలితం రాకముందు

సొంతంగా చదివే అభ్యర్థికి కేస్ లాగే, అంటే తాను చూసిన కేసుల సొంత చిట్టాయే, సిలబస్. మాడ్యూలు కోసం కొన్ని కేసులు ఏరి రాసుకోవడం వేరు, నమోదు రోజు నుంచి ఆ రంగానికి చెందిన ప్రతి కేసునూ రాసుకోవడం వేరు, రెండోదే చేయండి. ఏది రాయదగ్గ కేసో మొదటి రోజు తెలియదు. మామూలు దురద అనుకున్న కుక్క ఆరు నెలల తర్వాత మీ మాడ్యూలులో అత్యుత్తమ కేసు కావచ్చు, అప్పటికి మొదటి రోజు చర్మాన్ని గీకి మైక్రోస్కోపు కింద చూశారో లేదో మీకే గుర్తుండదు.

జాతి, వయసు, లింగం, బరువు, యజమాని చెప్పిన ఫిర్యాదు వంటివి ఎలాగూ కేస్ షీటులో ఉంటాయి. లాగులో ఉండాల్సినవి కేస్ షీటులో సాధారణంగా కనిపించనివి: మీ సమస్యల జాబితా, వరుసక్రమంలో మీరు అనుమానించిన రోగాలు, చేయించిన పరీక్షలతోపాటు చేయించని పరీక్షలు, అవి ఎందుకు చేయించలేదో కారణం. డబ్బు చాలకనా, జంతువు సహకరించకనా, అసలు తోచకనా? తోచకపోతే తోచలేదనే రాయండి. మందు మోతాదును కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములో రాయాలి. ‘ఒక మాత్ర రెండు పూటలా’ అన్నది రెండేళ్ల తర్వాత మీకే పనికిరాదు.

ఇందులో తప్పనిసరి నియమం ఒకటే: అనుమానాల వరుసను ల్యాబ్ ఫలితం రాకముందే రాయాలి. రోగం తేలాక మనసు తన గతాన్ని తిరగరాసుకుంటుంది, ‘మొదటినుంచీ నాకు ఆడిసన్స్ (అడ్రినల్ గ్రంథుల లోపం) అనుమానమే’ అనిపిస్తుంది. లాగు తెరిచి చూస్తే ఆ పేరు నాలుగో స్థానంలో ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. ఆ తేడా చూసుకున్నప్పుడు కలిగే ఇబ్బందే ఈ చదువులో నేర్పే గురువు. నా లాగులో ఒక ఏడాది పేజీలు వరుసగా చదివినప్పుడు, వాంతులతో వచ్చిన ప్రతి పిల్లిలోనూ క్లోమం వాపును నేను మర్చిపోతున్నానని తేలింది. ఏ పుస్తకమూ నాకు ఆ సంగతి చెప్పి ఉండేది కాదు.

సాహిత్యాన్ని వెతకడం, తూచడం

పాఠ్యపుస్తకం మొదటి మెట్టు. దాని దగ్గరే ఆగిపోతే మాస్టర్స్ స్థాయి రాదు. ముందుగా ప్రశ్నను నాలుగు ముక్కలుగా రాసుకోవాలి: ఎలాంటి రోగి, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం. ఆ తర్వాతే పబ్‌మెడ్ వంటి వైద్య వ్యాసాల సూచిక తెరవాలి. పశువైద్య పత్రికలు పబ్‌మెడ్‌లో కన్నా క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్‌లో ఎక్కువగా దొరుకుతాయి; ముఖ్యంగా పాడి పశువుల విషయంలో ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఆర్‌సీవీఎస్ నాలెడ్జ్ అనే, రాయల్ కాలేజ్ అనుబంధ సంస్థ నడిపే వెటర్నరీ ఎవిడెన్స్ పత్రికలో ఇలాంటి ఒక్కొక్క ప్రశ్న మీద ఆధారాలను తూచిన చిన్న సమీక్షలు ఉచితంగా చదవవచ్చు. అవి సమాధానాల కోసమే కాక, ప్రశ్నను ఎలా కూర్చాలో నేర్చుకోవడానికి కూడా మంచివి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదేళ్ల కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ టీకా కోసం వచ్చింది. ఎడమవైపు గుండె కొన దగ్గర ఆరింట నాలుగో స్థాయి మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) వినిపించింది. దగ్గు లేదు, ఆయాసం లేదు, యజమానికి ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఇప్పుడే పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడితే గుండె వైఫల్యం వెనక్కి జరుగుతుందా?

ఈ ప్రశ్నకు 2016లో ప్రచురితమైన ఎపిక్ అధ్యయనం ముఖ్యమైన ఆధారం. మైట్రల్ కవాటం క్షీణించి గుండె పెద్దదైనా ఇంకా లక్షణాలు కనిపించని 360 కుక్కలను రెండు గుంపులుగా యాదృచ్ఛికంగా విభజించి, ఒక గుంపుకు మందు, మరో గుంపుకు మందులేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో యజమానులకు గాని డాక్టర్లకు గాని తెలియదు. గుండె వైఫల్యం మొదలవడం, లేదా గుండె కారణంగా చనిపోవడం, లేదా ప్రశాంత మరణం ఇవ్వడం అనే ఫలితానికి చేరడానికి పట్టిన మధ్యగత కాలం మందు గుంపులో 1228 రోజులు, మరో గుంపులో 766 రోజులు. తేడా 462 రోజులు, అంటే దాదాపు పదిహేను నెలలు.

చాలామంది అభ్యర్థులు ఈ అంకె రాసి, మందు మొదలుపెట్టామని ముగిస్తారు. పరీక్షకులు చూడదలచుకున్నది ఆ తర్వాతి భాగం. అధ్యయనంలో చేరిన కుక్కలన్నిటికీ ఎకోలో ఎడమ కర్ణికకు, బృహద్ధమనికి ఉన్న నిష్పత్తి 1.6 గాని అంతకు మించి గాని ఉంది, ఎడమ జఠరిక కొలత 1.7 గాని ఆపైన గాని ఉంది, ఎక్స్‌రేలో వెన్నుపూసలతో కొలిచే గుండె పరిమాణం 10.5 దాటింది. మీ ముందున్న కుక్క ఆ గుంపుకు చెందినదని మీకెలా తెలుసు? ఎకో లేనిచోట ఏం చేయాలన్నదానికి 2019లో అమెరికన్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ కాలేజ్ ఇచ్చిన ఏకాభిప్రాయ పత్రం ఒక దారి చూపింది: ఎక్స్‌రే కొలత 11.5 గాని అంతకు మించి గాని ఉంటే పెద్దదైన గుండెగా పరిగణించవచ్చు. కానీ కావలియర్ల గుండె నీడ ఆరోగ్యంగా ఉన్నప్పుడే సగటు కుక్కల కన్నా కొంచెం పెద్దగా కనిపిస్తుంది. మీ ఎక్స్‌రేలో 11.0 వస్తే? మందు తయారుచేసే కంపెనీయే ఆ అధ్యయనానికి డబ్బిచ్చిందన్న సంగతిని ఎలా చూడాలి? ఫలితం తప్పని దాని అర్థం కాదు, కానీ గుర్తించి, అధ్యయన నిర్మాణం ఆ పక్షపాతాన్ని ఎంతవరకు అడ్డుకుందో చెప్పాలి. యజమాని ఎకో కోసం రిఫరల్‌కు ఒప్పుకోకపోతే మందు మొదలుపెట్టడమా, ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీయడమా, నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లోవారికి నేర్పడమా? ఈ ప్రశ్నలకు మీ సమాధానమే మాడ్యూలు.

కేస్ రిపోర్టు

నేను మొదట పంపిన కేస్ రిపోర్టు నెగ్గలేదు. దాన్ని ఇప్పుడు చదివితే కారణం మొదటి పేజీలోనే కనిపిస్తుంది: రోగం నిర్వచనం, కారణాలు, ఏ జాతుల్లో ఎక్కువ, లక్షణాలు అంటూ పుస్తకాన్ని తిరిగి రాశాను, నా కుక్క మూడో పేజీలో గాని ప్రవేశించలేదు. రోగం గురించి పరీక్షకులకు నాకన్నా బాగా తెలుసు. వారికి తెలియనిది ఆ రోజు నా గదిలో నేను ఏం ఆలోచించానన్నది.

అందుకే రిపోర్టును నిర్ణయాల చుట్టూ కట్టాలి. కేసులో అటా ఇటా అని తేల్చుకోవాల్సి వచ్చిన మూడు నాలుగు మలుపులను ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కో మలుపు దగ్గర నాకు తెలిసినదేమిటి, ఉన్న దారులేమిటి, ఏది ఎంచుకున్నాను, దానికి ఏ ఆధారం ఉంది, ఇప్పుడైతే ఏం చేస్తాను అన్నవి రాస్తే రిపోర్టు అస్థిపంజరం సిద్ధమవుతుంది. మలుపుతో సంబంధం లేని వాక్యం ఎంత బాగున్నా తీసేయాలి. పదాల పరిమితి ఎప్పుడూ మీరనుకున్నదానికన్నా చిన్నదే. మామూలుగా ఉన్న రక్త పరీక్ష అంకెలను పాఠంలో కుక్కకుండా పట్టికలో, ఆ ల్యాబ్ ఇచ్చిన సాధారణ పరిమితులతో సహా పెట్టండి. పరిమితి లేని అంకెకు అర్థం లేదు.

అంతా సవ్యంగా జరిగిన కేసును ఎంచుకోవాలని అనిపిస్తుంది, కానీ చర్చించడానికి అందులో ఏమీ మిగలదు. కొంచెం చిక్కుపడిన కేసు మేలు: అబోమేసం (నాలుగో కడుపు) ఎడమవైపుకు జరిగిందని ఆపరేషన్ చేసి సరిచేసిన ఆవు మూడు రోజులైనా మేత ముట్టకపోతే, కీటోసిస్‌నూ, కాలేయంలో కొవ్వునూ, గర్భాశయం వాపునూ మళ్లీ వెతుక్కుంటూ వెనక్కి వెళ్లిన కేసులో మీ ఆలోచన బాగా బయటపడుతుంది. చనిపోయిన జంతువు కేసు కూడా రాయవచ్చు, పోస్ట్‌మార్టం చేయించి ఉంటే మరీ మంచిది. అలాగని అరుదైన రోగాల వెంట పడకండి. అరుదైన రోగానికి సాహిత్యం కొంచెమే ఉంటుంది, మీ అనుభవం ఒక్క కేసే, ఇక తూచడానికి ఏముంటుంది?

వృత్తి నైపుణ్యాల భాగంలో అడిగే ఆత్మపరిశీలన వ్యాసాలు పశువైద్యులకు మొదట్లో మింగుడుపడవు. జరిగింది చెప్పి, తప్పు నాదేనని ముగించడం ఆత్మపరిశీలన కాదు. 1988లో గిబ్స్ సూచించిన ఆరు మెట్ల చక్రాన్ని చాలామంది వాడతారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకు, ఏం తేలింది, ఇకపై ఏం చేస్తాను. చివరి మెట్టు దగ్గర ‘ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అని రాస్తే మార్కులు రావు. ‘మత్తు ఇచ్చే ముందు చెక్‌లిస్టును నర్సు పైకి చదివేలా మార్చాం, రెండు నెలల తర్వాత కేస్ షీట్లు తీసి చూస్తే ఎన్నింటిలో అది అమలైందో లెక్కపెట్టాం’ అన్నట్లు జరిగిన మార్పు, దాని కొలత ఉండాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల తర్వాత వచ్చే ఇబ్బందులను లెక్కించే క్లినికల్ ఆడిట్ దీనికి అనువైన వస్తువు. కేసులు పుష్కలంగా ఉంటాయి, పోల్చుకోవడానికి ఆర్‌సీవీఎస్ నాలెడ్జ్ నిర్వహించే జాతీయ ఆడిట్ కూడా ఉంది.

దాటకూడని గీతలు

సర్టిఫికెట్ కోసం జంతువుకు ఏదీ చేయకూడదు. రిపోర్టు నిండుగా ఉంటుందని, చికిత్సకు అవసరం లేని రక్త నమూనా ఒకటి అదనంగా తీస్తే, బ్రిటన్‌లో అది వైద్యం పరిధి దాటి 1986 నాటి జంతువుల మీద శాస్త్రీయ ప్రయోగాల చట్టం పరిధిలోకి వెళ్లవచ్చు. దానికి లైసెన్సు కావాలి. వైద్యానికి తీసిన నమూనాలో మిగిలినదాన్ని వాడుకోవడం వేరే సంగతి, అది కూడా ముందే ఎవరినైనా అడిగి తెలుసుకోండి. ఆ జాతికి అనుమతి లేని మందు వాడితే, 2013 నాటి వెటర్నరీ మెడిసిన్స్ నిబంధనల్లోని క్యాస్కేడ్ (తగిన మందు లేనప్పుడు వేరే మందును ఏ వరుసలో ఎంచుకోవాలో చెప్పే నియమం) ప్రకారం ఏ మెట్టులో వాడారో, యజమాని సమ్మతి ఎలా తీసుకున్నారో రిపోర్టులో కనిపించాలి. ధర తక్కువని మనుషుల మందు రాశామంటే క్యాస్కేడ్ ఒప్పుకోదు. యజమాని పేరు, ఊరు, మైక్రోచిప్ నంబరు ఫొటోల్లో, ఎక్స్‌రేల మూలల్లో కూడా లేకుండా చెరిపేయాలి. ఎక్స్‌రే మూలను చాలామంది మర్చిపోతారు.

పరీక్ష

సమగ్ర పరీక్షకు, మాడ్యూలు చివర ఉండే పరీక్షలకు కంఠస్థం కొంత అవసరమే, కానీ ఏది కంఠస్థం చేయాలో తెలియాలి. నిర్ణయాన్ని మార్చే అంకెలు గుర్తుండాలి. కుక్కలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి ఐరిస్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పే నాలుగు స్థాయిలు తెలిసి ఉండడం ఒక ఎత్తు. ఆ స్థాయి నిర్ణయం ఒంట్లో నీరు సరిపడా ఉండి, నిలకడగా ఉన్న రోగికే చేయాలని గుర్తుండడం మరో ఎత్తు. మార్గదర్శకాలు ఏ ఏటివో కూడా చూసుకోండి: గుండె ఆగిన జంతువును బతికించే రికవర్ మార్గదర్శకాలు 2012లో వచ్చాయి, 2024లో సవరించారు. పాత నోట్సు పట్టుకుని వెళ్లినవారికి ఇలాంటివే ముల్లు అవుతాయి.

పరీక్ష ఫలితాన్ని అర్థం చేసుకునే లెక్కలు కాగితం మీద చేతితో చేసి అలవాటు చేసుకోవాలి. ఒక టెస్టు సున్నితత్వం (రోగం ఉన్నవాటిని పట్టుకోవడం) 90 శాతం, నిర్దిష్టత (రోగం లేనివాటిని లేదని చెప్పడం) 90 శాతం అనుకోండి. వంద కుక్కల్లో పదింటికి రోగం ఉంటే, తొమ్మిది సరిగా పాజిటివ్ వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న తొంభైలోనూ తొమ్మిది తప్పుగా పాజిటివ్ వస్తాయి. అంటే పాజిటివ్ వచ్చిన పద్దెనిమిదిలో సగమే రోగులు. అదే టెస్టును లక్షణాలు బలంగా ఉన్న, వందకు యాభై మందికి రోగం ఉండే గుంపులో చేస్తే, పాజిటివ్ వచ్చిన యాభైలో నలభై ఐదు నిజమైన రోగులు. టెస్టు మారలేదు, దాన్ని ఎవరికి చేశామన్నది మారింది. ఈ లెక్క వచ్చినవారు అవసరం లేని టెస్టులు రాయడం తగ్గిస్తారు, పరీక్ష హాలు బయట కూడా.

మౌఖిక పరీక్ష ఉంటే మీ రంగం కాని సహోద్యోగి ఒకరిని కూర్చోబెట్టి మీ కేసు చెప్పండి, ప్రతి నిర్ణయం దగ్గర ‘ఎందుకు’ అని మాత్రమే అడగమనండి. నిపుణులు మర్యాద కొద్దీ ఊరుకునే చోట వారు ఊరుకోరు.

ఫలితం వచ్చాక

నెగ్గకపోతే వచ్చే వ్యాఖ్యలను ఆ రోజు చదివి పక్కన పెట్టండి, వారం తర్వాత మళ్లీ చదవండి. మొదటిసారి అన్యాయంగా తోచిన వాక్యాల్లో ఎక్కువభాగం రెండోసారి సబబుగానే కనిపిస్తాయి. మళ్లీ పంపేటప్పుడు ప్రతి వ్యాఖ్యకూ ఎక్కడ సమాధానమిచ్చారో మీ దగ్గర ఒక పట్టిక ఉంచుకోండి.

నెగ్గితే, పేరు చివర సర్టిఫికెట్ అక్షరాలు చేర్చుకోవచ్చు, కానీ మిమ్మల్ని మీరు స్పెషలిస్టు అని చెప్పుకోకూడదు. బ్రిటన్‌లో ఆ మాట రాయల్ కాలేజ్ స్పెషలిస్టుల జాబితాలో ఉన్నవారికే చెల్లుతుంది. ప్రాక్టీసు వెబ్‌సైటు రాసేవారు ఉత్సాహంతో ఆ మాట పెట్టేస్తుంటారు. అచ్చయ్యేలోపే మీరు చూసి మార్పించాలి. సర్టిఫికెట్ ఉన్నవారు అడ్వాన్స్‌డ్ ప్రాక్టీషనర్ హోదాకు వేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ హోదా శాశ్వతం కాదు, ఐదేళ్లకోసారి అదే రంగంలో పని చేస్తూ చదువుతూ ఉన్నామని చూపించి పునరుద్ధరించుకోవాలి. కనుక సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజున కేస్ లాగ్ మూసేయకండి. ఐదేళ్ల తర్వాత అడిగే ఆధారాల్లో సగం దానిలోంచే తీయాలి.